చొక్కా విప్పించిన డాక్టరు

సంతాప సభలో నాకు మైకు ఇవ్వలేదు. చెయ్యెత్తాను. లేచి నిలబడ్డాను. చివరికి వేదిక దగ్గరికి వెళ్ళి అడిగాను. సభ నడుపుతున్నాయన కళ్ళజోడు పైకి తోసుకుని, "మీరు డాక్టరుగారికి ఏమవుతారండీ?" అన్నాడు. ఏమీ కానన్నాను. "అయితే ఆఖర్న చూద్దాం" అన్నాడు. ఆఖర్న వందన సమర్పణ అయింది, కుర్చీలు మడిచేశారు. కాశీబుగ్గలో బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

ఇది నాకు కొత్త కాదు. ఉద్దానంలో మా ఊరి చుట్టుపక్కల నన్ను అర్జీల బావ అంటారు. అనేవాళ్ళెవరో నాకు తెలుసు, ఎవరు ముందు అన్నారో కూడా గుర్తుంది. నేను రాసిన అర్జీలన్నిటికీ కాకపోయినా ఒక్కదానికి జవాబు వచ్చి ఉంటే నేను ఆ సభలో మైకు అడిగేవాణ్ణే కాదు. రాలేదు కనకే ఇప్పుడు ఇలా రాస్తున్నాను.

సభలో మాట్లాడినవాళ్ళు ఆయన్ని శాంతమూర్తి అన్నారు. ఎన్నడూ గొంతెత్తి ఎరగరన్నారు. నేను వెనక వరసలో కూర్చుని నవ్వాను. ముందు కూర్చున్నావిడ తిరిగి ఉరిమి చూసింది. అమ్మా, ఆయన నా మీద ఎత్తిన గొంతు ఆసుపత్రి గేటు బయట బొండాలమ్మేవాడికి కూడా వినపడింది. ఎవరినో పొగిడారు గానీ, మా డాక్టరుని కాదు.

ఆయన పిల్లల డాక్టరు. మా వైపు ఒక సర్కారు ఆసుపత్రిలో చాలాకాలం పనిచేశారు. ఏ ఆసుపత్రో రాయను. రాస్తే అక్కడివాళ్ళు నా మీద రాస్తారు. వాళ్ళు రాసినదానికైతే వెంటనే జవాబు వస్తుంది.

పొడుగు మనిషి. తొట్టెల్లోకి వంగి వంగి మెడ ముందుకు పడిపోయింది. బిడ్డని ముట్టుకునే ముందు రెండు అరచేతులూ చంకల్లో పెట్టుకుని కాసేపు అలాగే నిలబడేవారు. చలి కాచుకుంటున్న ముసలాయనలా ఉండేది. మే నెలలో కూడా అంతే. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవారు. తరవాత వేళ్ళ వెనక వైపుతో బిడ్డ అరికాలు తాకేవారు. అరికాలు చల్లగా ఉందో లేదో, అదొక్కటే ఆయన లోకం. మిగిలినవన్నీ ఆ తరవాతే.

ఫేన్లంటే ఆయనకి పగ. నెల తక్కువ బిడ్డ ఉన్న వార్డులో ఫేను తిరగకూడదనేవారు. ఆయన కట్టేసి వెళ్ళేవారు, బాలింతల అత్తలు మళ్ళీ వేసేవారు. ఒకరోజు రెగ్యులేటరు మీది బుడిపె ఊడబీకి జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. ఆనాటి నుంచి ఆయన చొక్కా జేబులో రెండు మూడు బుడిపెలు గలగలమంటూ ఉండేవి. వార్డులో ఆయన పేరు ఫేను దొంగ. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "దొంగొత్తన్నాడు, కొంగులు సద్దుకోండి" అంటూ లోపలికి వచ్చేవారు.

కోటబొమ్మాళి వైపు మనిషి కాబట్టి మామూలుగా మా మాటే మాట్లాడేవారు. ఓరి బావూ, ఏటే అమ్మా, అంతే. కోపం వస్తే మాత్రం మర్యాద వచ్చేసేది. "తమరు" అన్నారంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే.

ఇంకొకటి. బిడ్డ బతుకుతాడా అని ఎవరు ఎంత ఏడ్చి అడిగినా బతుకుతాడని చెప్పేవారు కాదు. "ఇవేళ ఉన్నాడు. రేపటి సంగతి రేపు అడుగు" అనేవారు. రేపు అడిగితే మళ్ళీ అదే. ఆ మాటకి నేనూ మొదట్లో మండిపడ్డాను. జీతం తీసుకుంటున్నవాడు ఒక మాట చెప్పడానికి ఏం పోయిందనుకున్నాను.

నా కొడుకు ఎనిమిదో నెలలో పుట్టాడు. తొంభైల చివరిలో. వాడు పుట్టిన గంటకే నా భార్యకి మూర్ఛలు మొదలయ్యాయి. ఆమెను విశాఖ తీసుకుపొమ్మన్నారు. బిడ్డనీ జీపులో ఎక్కించబోతే డాక్టరు అడ్డం నిలబడ్డారు. "తల్లిని పంపండి. పిల్లోడు ఈ దారిలో సల్లబడిపోతాడు, ఈడు నా దగ్గరే ఉంటాడు" అన్నారు. మా బావమరిది ఆమెతో వెళ్ళాడు. నేనూ, మా అమ్మా, గుప్పెడంత బిడ్డా మిగిలాం.

మా అమ్మకి అప్పటికే ఆశ లేదు. ఏడో నెల బిడ్డ నిలుస్తుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు అని మా వైపు గట్టి నమ్మకం. చాలా ఇళ్ళల్లో ఎనిమిదో నెలలో పుడితే ఆసుపత్రికే తేరు, గుడ్డలో చుట్టి పక్కన పెట్టి చూస్తూ కూర్చుంటారు.

"ఎనిమిదో నెల గుంటడు నిలవడురా. మా సెల్లికి నిలిసిందేటి? అనవసరంగా ఆశ పెట్టుకోకు" అంది నాతో. డాక్టరు విన్నారు.

"మరేటి సేద్దామమ్మా? మళ్ళీ కడుపులో పెట్టేసి, కేలండరు ఎనక్కి తిప్పి, ఏడో నెల్లో కనమందామా?"

"నానేటి సదువుకున్నానా బాబూ, పెద్దలు సెప్పిన మాట."

"ఆ పెద్దల్ని పంపించు, నానడుగుతాను."

తరవాత నా వైపు తిరిగారు. బిడ్డకి వెచ్చదనం కావాలి. తల్లి ఛాతీ మీద కట్టుకుంటే అదే వస్తుంది, తల్లి లేదు. మా అమ్మకి ఆయాసం, దగ్గొస్తే మంచమంతా ఊగేది. మిగిలింది నేను. మా అమ్మ గబుక్కున అడ్డం వచ్చింది. నక్షత్రం బాగాలేదు, తండ్రికి గండం, పదకొండో రోజున శాంతి చేసి నూనెలో నీడ చూసే వరకు తండ్రి బిడ్డ ముఖం చూడకూడదు అంది. నేను ఇంటరు చదివినవాణ్ణే. అయినా ఆ మాట కాదనడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ అలాంటివి పూర్తిగా నమ్మనని ఒట్టు పెట్టి చెప్పలేను.

డాక్టరు కోప్పడతారనుకున్నాను. ఆయన చంకల్లో చేతులు పెట్టుకుని ఆలోచించారు.

"ముఖం సూడకూడదు. అంతేనా అమ్మా? నెత్తి సూడొచ్చా?"

మా అమ్మ తడబడింది. "నెత్తికేటి బాబూ? నెత్తి సూత్తే ఏటవుద్ది?"

"అయితే సరిపోయింది. గుండెల మీద కట్టుకుంటే నెత్తే కనపడుద్ది. ముఖం కావాలన్నా కనపడదు."

అప్పుడు నన్ను అడిగారు. "సొక్కా ఇప్పుతావేటి బావూ?"

బాలింతల వార్డు అది. మంచం మంచానికీ ఆడవాళ్ళు, వాళ్ళ తల్లులు, అత్తలు. నేను ఊళ్ళో నలుగురు పిలిచే మనిషిని. బయట వరండాలో కూర్చుంటానన్నాను. వరండాలో గాలి అన్నారు. తెర కట్టించమన్నాను. అప్పుడు లేచింది ఆ గొంతు.

"తెర కట్టడానికి ఇదేటి నాటకమనుకున్నారా? తమరి పెద్దరికం గేటు బైట ఒగ్గీసి రండి! ఇక్కడ బిడ్డ సల్లబడతన్నాడు!" తరవాత వార్డంతా వినేలా, "ఈయన ఊరి పెద్దమనిషంటమ్మా. పెద్దమనిషి ఛాతీ కూడా ఎచ్చగానే ఉంటాదో లేదో సూద్దాం" అన్నారు.

వార్డంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినది పక్క మంచం ఎర్రమ్మ. మూలపేట వైపు నుంచి వచ్చిన మత్స్యకారుల అమ్మాయి. మొగుడు గుజరాతు బోట్ల మీదికి వేటకి పోయాడు. ఆమెకీ నెల తక్కువ బిడ్డే, ఆడపిల్ల, మా మాటలో గుంట. అప్పటికే ఛాతీకి కట్టుకుని కూర్చుంది.

"డాట్రు బావూ, ఇంక ఒగ్గీండి. పాపం ఆ బావు సెవులు ఎర్రగా అయిపోనాయి" అంది.

చొక్కా విప్పాను. మా అమ్మ పాత చీర చింపి బిడ్డని నా ఛాతీకి కట్టారు. నెత్తికి మేజోడు కత్తిరించి తొడిగారు. కాస్త ఏటవాలుగా పడుకోబెట్టి, కదలొద్దన్నారు. నాకు అవమానంతో ఒళ్ళు మండిపోతోంది. డాక్టరు మేజోడు కొంచెం జరిపి, నా ఛాతీ మీద చెయ్యి ఆనించి చూసి, "కోపంగా ఉన్నాడు, మంచిదే. ఇంకా ఎచ్చగా ఉంటాడు" అని వెళ్ళిపోయారు.

ఆ రోజుల్లో నేను చూసింది ఆ నెత్తి ఒక్కటే. మాడు మీద పల్చటి చర్మం ఎగిరెగిరి పడేది. అది ఆగిందేమోనని నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి, నా ఊపిరి ఆగితే వాడు కదిలేవాడు. వాడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. వాడి అరికాళ్ళు మాత్రం నా పొట్ట మీద ఎప్పుడు చల్లబడుతున్నాయో ఎప్పుడు వెచ్చబడుతున్నాయో తెలిసేది.

పాల సంగతి ఇంకో తగాదా. తల్లి పాలు లేవు. ఎర్రమ్మకి బిడ్డ తాగినవి పోగా ఇంకా ఉన్నాయి. ఉగ్గుగిన్నెలోకి పిండి ఇస్తానంది. మా అమ్మ ముఖం తిప్పుకుంది. మేము సేద్యం చేసుకునేవాళ్ళం, వాళ్ళు వేటకి పోయేవాళ్ళు. డాక్టరు మా అమ్మని కూడా "తమరు" అన్నారు. "తమరి దగ్గర ఏరే పాలుంటే తెప్పించండి" అన్నారు. ఎర్రమ్మే తేల్చేసింది.

"నా పాలు ఉప్పగా ఉండవులే అమ్మా. గుంటడికి పట్టు."

నా కొడుకు మొదట తాగిన పాలు అవి.

వార్డు చివర ఒక గది ఉండేది. తలుపుకి అడ్డంగా ఎర్ర రిబ్బను. లోపల నెల తక్కువ పిల్లలకి వెచ్చదనం ఇచ్చే యంత్రం, గోడలకి కొత్త రంగు, దానికంటూ వేరే కరెంటు లైను. అన్నీ ఉన్నాయి. అది ఎందుకు వాడరు, నన్నెందుకు ఇలా కూర్చోబెట్టారు అని అడిగాను. తప్పు దొరికిందనే సంతోషంతోనే అడిగాను, దాచడమెందుకు.

"ప్రారంభోత్సవం అవలేదు" అన్నారు డాక్టరు. "పెద్దాయన రావాల. ఆయనకి తేదీ కుదరాల. రెండుసార్లు పెట్టారు, రెండుసార్లు మానేశారు."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా నీ ఛాతీయే." వెళ్ళబోతూ ఆగారు. "మీ అమ్మ పట్టింపుకి ఏదో దారి దొరికింది. ఆ రిబ్బనుకి మాత్రం నాకు ఎంత ఎతికినా దొరకలేదురా బావూ."

నేను ఊరుకోలేదు. కానీ నేను ముందు రాసింది ఆ గది మీద కాదు, ఆయన మీద. కన్నబిడ్డ కోసం వచ్చిన తండ్రిని ఆడవాళ్ళ వార్డులో నలుగురి ముందు చొక్కా విప్పించి గేలి చేశారని, ఛాతీ మీద బిడ్డతోనే, అట్ట మీద కాగితం పెట్టుకుని రాశాను. జిల్లా ఆఫీసుకి పంపాను. ఆ ఫిర్యాదులో ఒక్క అక్షరం ఈనాటికీ వెనక్కి తీసుకోను. చొక్కా విప్పమనడం సరే, పెద్దమనిషి మాట అనకుండా ఉండాల్సింది.

వారం తిరక్కుండా విచారణకి మనిషి వచ్చాడు! నన్ను అడిగాడు, నర్సుని అడిగాడు, ఎర్రమ్మని అడిగాడు. "నవ్వినది నాను గదా, నన్ను రాసుకోండి" అంది ఎర్రమ్మ. డాక్టరుని సంజాయిషీ అడిగారు. సర్కారు ఇంత వేగంగా కదులుతుందని నాకు అప్పటివరకు తెలియదు. ఆ తరవాత కూడా తెలియలేదు.

విచారణ మనిషి వెళ్ళాక డాక్టరు నా మంచం దగ్గరికి వచ్చారు. తగాదాకి నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన ఎప్పటిలా బిడ్డ అరికాలు చూశారు. "బాగా రాసినావు. దస్తూరీ కూడా బాగుంది" అన్నారు. "నాను ఉద్యోగిని, పైవాళ్ళ మీద రాయకూడదు. నువ్వు రాయొచ్చు. ఆ గది మీద కూడా రాయి."

రాశాను. అదే ఆఫీసుకి, అదే దస్తూరీతో. జవాబు లేదు.

పదకొండో రోజు వచ్చింది. మా అమ్మ ఇంటి నుంచి నువ్వుల నూనె తెచ్చింది గానీ పళ్ళెం మరిచిపోయింది. డాక్టరు ఆసుపత్రి ట్రే తెప్పించారు, జీడిగింజలా వంపు తిరిగి ఉండేది. కడిగించి, నూనె పోయించి, బిడ్డని తానే నా భుజం వెనక నుంచి పట్టుకున్నారు. నూనెలోకి వంగి చూశాను. ముడతల ముఖం, ముడుచుకున్న మూతి.

"అచ్చంగా తమరి మూతే" అన్నారు ఆయన. "ఎవులి మీదో అర్జీ పెట్టుకున్నట్టున్నాడు." ఆయన కోపం లేకుండా తమరు అన్నది ఆ ఒక్కసారే.

నా భార్య కోలుకుని విశాఖ నుంచి వచ్చింది. మేము ఇంటికి బయలుదేరే రోజు పొద్దున్నే ఎర్రమ్మకి చలిజ్వరం మొదలయింది. పళ్ళు టకటకలాడుతున్నాయి, మంచం వణుకుతోంది. ఆ వణుకులో బిడ్డని ఛాతీ మీద ఉంచడానికి లేదు. ఆమె అత్త చేపల బుట్టతో తెల్లారకుండానే వెళ్ళిపోయింది. డాక్టరు బిడ్డని తీసుకుని, అరికాలు చూసి, వార్డు చివరికి నడిచారు. నర్సు వెనకాలే పరిగెత్తింది.

"సార్, రిబ్బన్ ఉంది సార్. ముహూర్తం..."

"ముహూర్తం ఈ గుంట పెట్టింది. కత్తెర తే."

బొడ్డు కోసే కత్తెర ఇచ్చింది. దాంతోనే రిబ్బను కోశారు. రెండు ముక్కలూ గుమ్మానికి వేలాడుతూ ఉండగా లోపలికి వెళ్ళి యంత్రం వేశారు. చప్పట్లు లేవు. కాసేపటికి బయటికి వచ్చి ఎర్రమ్మ మంచం దగ్గర నిలబడి, "ఇవేళ ఉంది" అన్నారు. ఆ జ్వరంలోనే ఆమె చేతులెత్తి దణ్ణం పెట్టింది. మేము ఇంటికి వెళ్ళాం.

ఇక్కడి నుంచి చదివేవాళ్ళు జాగ్రత్తగా చదవాలి. సభలో నేను చెప్పాలనుకున్నది ఇదే.

కొన్ని రోజుల తరవాత బిడ్డని చూపించడానికి నేనూ నా భార్యా ఆసుపత్రికి వెళ్ళాం. ఆవరణలో షామియానా. కుర్చీలు, పూలదండలు, కొబ్బరాకుల తోరణం. పెద్దాయనకి తేదీ కుదిరిందట. డాక్టరు ఎక్కడ అని అడిగాను. అనుమతి లేకుండా రిబ్బను కోసినందుకు సంజాయిషీ చెప్పుకోవడానికి జిల్లా ఆఫీసుకి పిలిపించారన్నారు. ఆ రోజే పిలిపించారు!

గది గుమ్మం ముందు ముగ్గు. కొత్త రిబ్బను. లోపల ఫినాయిలు వాసన. వచ్చే పెద్దలకి ఉక్కపోస్తుందని నడి కప్పుకి కొత్త ఫేను బిగించారు. అది జోరుగా తిరుగుతోంది. వెచ్చదనం కోసం కట్టిన గదిలో ఫేను! యంత్రం ఖాళీగా ఉంది.

వరండాలో, స్తంభానికి ఆనుకుని, గచ్చు మీద ఎర్రమ్మ అత్త కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డల మూట.

"ఏటప్పా, బిడ్డని బైటికి తెచ్చినావేటి?" అన్నాను.

"నాను తేలేదు బావూ. ఆళ్ళే తీసి ఇచ్చినారు. మళ్ళీ రిబ్బను కట్టాలంట, లోపల బిడ్డుంటే బాగోదంట. గంటసేపే అన్నారు. పొద్దుట్నించీ ఇలగే ఉన్నాను. కోడలు జొరంలో పడుంది, దానికి సెప్పలేదు."

మధ్యాహ్నం దాటింది. మూట విప్పి, వేళ్ళ వెనక వైపుతో అరికాలు తాకాను. ఆ తాకడం ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆ చల్లదనం నా వేళ్ళకి ఇంకా ఉంది.

నా భార్య చేతిలో మా వాడున్నాడు. నేను చొక్కా విప్పాను. ఎవరూ అడగలేదు. షామియానా నిండా జనం, పోలీసులు, ఫోటో తీసేవాళ్ళు. బిడ్డని ఛాతీకి హత్తుకుని పైపంచెతో కట్టుకున్నాను. నర్సుని పిలిచి లోపల పెట్టమన్నాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పైనించి సెప్పారండి. నా సేతిలో ఏటుంది?" అంది. పైన ఎవరు అన్నాను. చెప్పలేదు. తెల్లచొక్కా వేసుకున్న ఎవడో వచ్చి, "ఏయ్, పెద్దలొచ్చే టైమైంది, చొక్కా తొడుక్కో" అన్నాడు. నేను వాడితో ఏమన్నానో ఇక్కడ రాయలేను.

పెద్దాయన రాలేదు. కార్యక్రమం వాయిదా అని మైకులో చెప్పారు. ఆ మైకు ఆ రోజు బాగానే పనిచేసింది.

ఎండ ఇంకా ఉండగానే డాక్టరు బస్సు దిగి వచ్చారు. వరండాలో నన్ను చూశారు. అలవాటుగా చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టుకున్నారు. పైపంచె లోపలికి చెయ్యి పోనిచ్చి అరికాలు చూశారు. తరవాత మెడ దగ్గర, తరవాత గుండె దగ్గర. చాలాసేపు.

"ఇంక ఒగ్గీ బావూ" అన్నారు. "ఆ ఎచ్చదనం నీదే."

బిడ్డని ఎర్రమ్మ అత్తకి ఇచ్చి ఆయన గదిలోకి వెళ్ళారు. రిబ్బను కింద నుంచి వంగి వెళ్ళారు. ఫేను కట్టేశారు. రెగ్యులేటరు బుడిపె ఊడబీకి జేబులో వేసుకున్నారు. బయటికి వచ్చి ఎర్రమ్మ మంచం దగ్గర నేల మీద కూర్చున్నారు. ఆమెకి చెప్పింది ఆయనే. ఎర్రమ్మ జ్వరం కళ్ళతో ఆయన వైపే చూసి ఒక మాట అడిగింది.

"ఆ గది నా గుంటకి ఇచ్చినారు గదా బావూ? ఇచ్చింది మళ్ళీ ఏల తీసుకున్నారు?"

ఆయన నా వైపు చూసి, "రాయి" అన్నారు.

రాస్తూనే ఉన్నాను. ఆయన్ని కొండల మీది ఆసుపత్రికి బదిలీ చేశారు, రిబ్బను కోసినందుకే. ఎర్రమ్మ జ్వరం తగ్గాక ఊరికి వెళ్ళిపోయింది. నేను మొదట జిల్లా ఆఫీసుకి రాశాను, తరవాత దాని పైకి, తరవాత ఇంకా పైకి. సంబంధిత శాఖకు పంపామని కార్డులు వచ్చాయి. సంబంధిత శాఖ నాకు సంబంధం లేదంది. సమాచార హక్కు వచ్చాక దాని కిందా అడిగాను. దస్త్రం దొరకలేదన్నారు. ఒక మహానుభావుడు మాత్రం వివరంగా రాశాడు. సదరు గది ఆ తేదీకి ప్రారంభం కాలేదు గనక, అందులో ఏ శిశువూ ఉండి ఉండే అవకాశం లేదట. లేని బిడ్డని ఎవరు తీస్తారు? నన్ను చొక్కా విప్పించిన సంగతికి వారంలో మనిషిని పంపినవాళ్ళు వీళ్ళే.

రిటైరయ్యాక డాక్టరు పలాసలో చిన్న క్లినిక్కు పెట్టుకున్నారు. మా వాడికి దగ్గు వచ్చిందని తీసుకువెళ్ళాను. అప్పటికి వాడు స్కూలుకి వెళ్తున్నాడు. బయట గదిలో జనం చెమటలు కక్కుతూ కూర్చున్నారు. తలెత్తి చూశాను. ఫేను ఉంది, గోడకి రెగ్యులేటరు ఉంది, దాని మీద బుడిపె లేదు. నాకు ముందు నవ్వొచ్చింది, తరవాత రాలేదు.

ఆయన మెడ ఇంకా వంగింది. మా వాడి చెప్పులు విప్పించి ముందు అరికాలే చూశారు. దగ్గుకి అరికాలేమిటని వాడు నవ్వాడు.

"జవాబొచ్చిందేటి?" అని నన్నడిగారు. ఏ జవాబో చెప్పక్కర్లేదు.

"లేదండి."

"ఇవేళ రాలేదు" అన్నారు. "రేపటి సంగతి రేపు అడుగు."

ఆ మాట మొదటిసారి అర్థమయింది నాకు. అది ఓదార్పు కాదు. రేపు కూడా వచ్చి అడగమని. అడగడం మానొద్దని. తరవాత ఎప్పుడు పలాస వెళ్ళినా గుమ్మంలోంచే తల ఊపేవాణ్ణి, లేదు అని. ఆయనా తల ఊపేవారు. మొన్న వెళ్తే తలుపుకి తాళం ఉంది. పక్క మందుల షాపులో అడిగితే చెప్పారు. పెద్దకర్మ కూడా అయిపోయిందట, కాశీబుగ్గలో సంతాప సభ ఉందని కూడా వాళ్ళే చెప్పారు. నాకెవరూ కబురు పెట్టలేదు. ఏమీ కానివాణ్ణి కదా.

శాంతమూర్తి అని ఆయన ఫోటోకి దండ వేసినవాళ్ళలో ఆనాటి ఆఫీసువాళ్ళు కూడా ఉన్నారు. నేను గుర్తుపట్టాను. వాళ్ళు నన్ను గుర్తుపట్టారో లేదో తెలియదు. నా మైకు ఎందుకు ఆఖరికి వెళ్ళిందో మాత్రం తెలుసు.

నేను అడిగేది ఒక్కటే. ఆ పొద్దుట, ఆ బిడ్డని ఆ గదిలోంచి బయటికి తీయమని చెప్పిన మనిషి ఎవరు? శాఖ పేరు వద్దు. పైనించి అనొద్దు. గది ప్రారంభమే కాలేదనొద్దు. చల్లబడిన ఆ అరికాలు నేను తాకాను. ఎర్రమ్మ మూలపేట వైపు ఇంకా ఉంది. సంతలో కనపడితే ఇప్పటికీ మా వాణ్ణే ముందు అడుగుతుంది, "బాగున్నావురా నా కొడకా?" అంటుంది. తరవాత నా వైపు చూస్తుంది. ఏమీ అడగదు.

చెప్పవలసినవాళ్ళు ఇది చదువుతారని నాకు తెలుసు. ఆ రోజు మీరు ఆ షామియానా కింద ఉన్నారు. అడగమన్న డాక్టరు పోయారు, జవాబు తప్పించుకున్నామని అనుకోకండి. నేను ఇవేళ ఉన్నాను. రేపు ఉంటే రేపూ అడుగుతాను. ఆ బిడ్డకి ఇచ్చింది మళ్ళీ ఎందుకు తీసుకున్నారు? చెప్పండి.